కప్పు గెలిచిన పెళ్లికారు

కార్ల షో అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరైనా వచ్చి, ఆదివారం పాత కార్లు పెడుతున్నారట, పిల్లల్ని తీసుకుని వెళ్దామా అంటే, వాళ్లను ఎగాదిగా చూసి వంటింట్లోకి వెళ్లిపోతాను. మా ఆయనకు సంగతి తెలుసు కనుక అడగడు. కొత్తగా పరిచయమైనవాళ్లు మాత్రం, “మీ నాన్నగారి కారుకు కప్పొచ్చిందట కదా, మీకు ఇంకా సరదా ఉండాలే” అని వింతపడతారు. వచ్చింది. రాలేదని నేనెక్కడన్నాను? మా అమ్మగారింట్లో టీవీ పక్కన ఇప్పటికీ ఉంది, పైన పూత పోయి లోపలి రేకు బయటపడి. దాన్ని తుడిచే పని మాత్రం నేను పెట్టుకోలేదు.

మాది శామీర్‌పేట వైపు ఊరు. భూములున్న ఇల్లు. కారు మా తాత కొన్నాడు. బొల్లారంలో ఉండే మిలిటరీ ఆఫీసరొకాయన బదిలీ మీద వెళ్లిపోతూ అమ్మేస్తే, ఎడ్లు కొనడానికని బయల్దేరిన మనిషి కారుతో ఇంటికొచ్చాడట. ఆ మాట మీద మా అవ్వ ఆయన్ను బతికినన్నాళ్లూ సాధించింది. ల్యాండ్‌మాస్టర్ కారు. లేత ఆకుపచ్చ రంగు, గుండ్రటి వీపు, తలుపు వేస్తే బీరువా మూసినంత చప్పుడు. కొన్న ఏడాదే మా పెద్ద మేనత్త పెళ్లయింది. తాత ఆమెను ఆ కార్లోనే మేడ్చల్‌లో అత్తగారింట దించి వచ్చాడు. అది చూసి పక్కింటివాళ్లు తమ పిల్ల పెళ్లికీ కారు అడిగారు. ఆ తర్వాత వెనకింటివాళ్లు. ఇంక ఊళ్లో ఎవరింట పెళ్లయినా కారు మాదే. ఆడపిల్లను సాగనంపడానికి అడిగితే లేదనకూడదు, బాడుగ ముట్టకూడదు, స్టీరింగు ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. ఇది తాత పెట్టిన పద్ధతి. తాత పోయాక మా నాయిన అదే పద్ధతి నడిపించాడు.

అవ్వ పెట్టిన పద్ధతి ఇంకొకటుంది. మా ఇంట్లో పెళ్లికాని ఆడపిల్ల ఆ కారు వెనక సీట్లో కూర్చోకూడదు. అది పెళ్లిపిల్ల సీటు. ముందు సీటు కూడా బెంచీలా పొడుగ్గానే ఉండేది కనుక నేను ఎప్పుడూ నాయిన పక్కన ముందే కూర్చునేదాన్ని. మేడ్చల్ అంగడికి పోయినా, అల్వాల్‌లో డాక్టరు దగ్గరికి పోయినా అంతే. ఒకసారి జ్వరంతో నాకు తల నిలవడం లేదని అమ్మ వెనక పడుకోబెట్టబోయింది. అవ్వ గయ్యిమని లేచింది.

“గా సీట్ల దానికిప్పుడేం పని? ముందట ఒళ్లె పండవెట్టుకో,” అంది అమ్మతో. నా చెంపలు రెండూ పట్టుకుని, “నీ దినం నాడు కూసుందువు తియ్యే బిడ్డా. అప్పుడు ఎవ్వలు లెమ్మన్నా లెవ్వకు,” అంది.

నాకు కోపం రాలేదు. పైగా సంబరపడ్డాను. రావలసిన సొత్తు దాచిపెట్టి ఉందని తెలిసినవాళ్లకు ఎంత ధీమా ఉంటుందో అంత ధీమాగా ఉండేదాన్ని.

పెళ్లి రోజు నాయిన తెల్లచొక్కా వేసుకునేవాడు. వాళ్లింటి పిల్లలొచ్చి కారు ఒళ్లంతా రంగు కాగితాలు, బంతిపూలు టేపుతో అంటించేవాళ్లు. బ్యాండువాళ్ల ముందు ఎగిరీ ఎగిరీ పూనకమొచ్చిన కుర్రవాళ్లు ఒక్కోసారి బానెట్టు మీదికే ఎక్కేవాళ్లు. నాయిన లోపల కూర్చుని హారను కొట్టి నవ్వేవాడే తప్ప కసరడు. ఆఖరున ఒడిబియ్యం పోసుకున్న పెళ్లికూతురు కొంగు గట్టిగా పట్టుకుని, ఏడుస్తూ, వంగి వెనక సీట్లోకి ఎక్కేది. ఎంత గట్టిగా పట్టుకున్నా ఆ ఒంగడంలో నాలుగు గింజలు రాలేవి. నాయిన ఆ ఊరేదైనా సరే, పిల్లను అత్తగారి గడపలో దించి, వాళ్లిచ్చిన మంచినీళ్లు తాగి వచ్చేవాడు. వచ్చాక అమ్మతో, “మంచిగున్నరే వాళ్లు. పిల్లకు ఫికరు లేదు,” అనో, “అత్త జరంత గట్టిదున్నట్టుంది,” అనో చెప్పేవాడు.

మర్నాడు కారు కడిగే పని నాది. వెనక సీటు మీద చితికిన మల్లెలు, సైడుపిన్నులు, గాజుముక్కలు, ఎవరిదో కన్నీళ్లకు తడిసి ఎండిన చేతిగుడ్డ. సీటుకూ వీపుకూ మధ్య సందులో పసుపుబియ్యం. పిన్ను పెట్టి లాగితే కొన్ని వచ్చేవి, కొన్ని ఇంకా లోపలికి పోయేవి. అవ్వ అరుగు మీంచి చూసి, “ఉండనీ. ఆడివిల్లల బియ్యం. ఇంటికి సల్లగుంటది,” అనేది. నేను ఆ సందులో వేలు పెట్టి, అడుగున ఎక్కడో మా మేనత్త బియ్యం కూడా ఉంటాయని అనుకునేదాన్ని. నా బియ్యం ఎటు పడతాయో చూసుకునేదాన్ని. ఎడమ కిటికీ వైపు కూర్చోవాలని, అద్దం దించుకుని మా వీధి మలుపు తిరిగేదాకా చూడాలని, అన్నీ నిర్ణయించి పెట్టుకున్నాను. మొగుడెవరో ఎలా ఉంటాడో మాత్రం అంతగా ఆలోచించలేదు.

తొంభైల నడుమకొచ్చేసరికి మా వైపు భూముల ధరలకు రెక్కలొచ్చాయి. శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే దారి పొడుగునా తోటలు ఫంక్షన్ హాళ్లయ్యాయి. అలాంటి ఒక తోటలో, చలి తగ్గుముఖం పట్టే రోజుల్లో, ఏటా కార్ల షో పెట్టడం మొదలెట్టారు. పట్నంలో ఆదివారాలు తోచని పెద్దమనుషులు కొందరు, అప్పుడే రాజకీయంలోకి అడుగుపెట్టిన మా వైపు పటేలొకాయన కలిసి చేసేవాళ్లు. ఎవరో చెబితే నాయిన కారు కడుక్కుని మమ్మల్ని ఎక్కించుకుని మొదటిసారి వెళ్లాడు. నేను బడిలో పెద్ద తరగతులకొచ్చాను అప్పటికి.

అక్కడి వైభోగం ఏమని చెప్పను! సున్నంతో గీతలు గీసి, గీతకొక కారు. సగం కార్లు లారీల మీద పట్టా కప్పుకుని వచ్చాయి. రోడ్డు మీద నడిపితే దుమ్ము పడుతుందట. కారు దుమ్ము పడకుండా లారీ మీద రావడం నేను అక్కడే చూశాను. వాటి యజమానులు తెల్లబూట్లు వేసుకుని, మెత్తటి గుడ్డ చేత్తో పట్టుకుని, ఈగ వాలిన చోటల్లా తుడుస్తున్నారు. ఇంకో వైపు, ప్లాట్లు అమ్ముకున్న ఇళ్ల కుర్రాళ్లు జీపుల వెనకంతా స్పీకర్లు పెట్టి చెవులు చిల్లులు పొడుస్తున్నారు. దానికీ ఒక బహుమతి. ముఖ్య అతిథి వచ్చిన కొత్త కారును కూడా గీతల మధ్య నిలబెట్టారు. సాయంత్రానికి ‘అందమైన కారు’ కప్పు దానికే వచ్చింది. ఆయన ఆశ్చర్యపోయినట్టు మొహం పెట్టి మరీ తీసుకున్నాడు.

కార్లు చూసి మార్కులు వేసేవాళ్లలో ఒకాయన కోస్తా వైపు ఇంజనీరు, రిటైరై గుండ్లపోచంపల్లిలో కొత్తగా పడిన కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. మనిషి మర్యాదస్తుడే. మా కారు దగ్గరికొచ్చి, తెల్ల రుమాలు తీసి చక్రం పైన రేకు లోపల తుడిచాడు. రుమాలు నల్లబడింది. తర్వాత బానెట్టు మీద వేలితో రుద్దాడు.

“ఈ చారలేంటండీ?” అన్నాడు.

“టేపు మచ్చలు సారూ. పెండ్లిలప్పుడు పువ్వులు అంటిస్తరు,” అన్నాడు నాయిన హుషారుగా.

“ఈ సొట్ట?”

“బారాత్‌ల పోరగాండ్లు ఎక్కి ఎగిరిండ్రు సారూ. మస్తు ఎగిరిండ్రు ఆ దినం.”

ఆయన వెనక తలుపు తీసి, సీటు సందులో రెండు వేళ్లు పెట్టి, పసుపుబియ్యం గింజలు పైకి తీశాడు. “ఇవేంటండీ బాబూ, బియ్యమా?”

“ఒడిబియ్యం సారూ. మా ఊరి ఆడివిల్లలందరు ఇందుల్నే అత్తగారిండ్లకు వొయిండ్రు. మా నాయిన పెట్టిన కట్టడి. ఒక్కలను ఇడిచిపెట్టలె.”

నాయిన మొహం అప్పుడు చూడాలి. ఒక్కో మచ్చా చూపిస్తుంటే, ఒక్కో మచ్చకూ నాలుగు మార్కులు కలుస్తున్నాయని అనుకున్నాడు ఆ పిచ్చిమనిషి. ఆ ఇంజనీరు మచ్చ మచ్చకూ మార్కులు కోస్తున్నాడని మాకు తర్వాత తెలిసింది. సాయంత్రం వేదిక మీద ఒక్కొక్కరి పేరు, వాళ్ల తండ్రుల పేర్లు, తాతల పేర్లు మైకులో చదివి కప్పులు ఇచ్చారు. మాకు ఏ పేరూ చదవకుండా, పాల్గొన్నందుకని, ప్లాస్టిక్ చెక్కకు గడియారం అంటించి ఉన్నదొకటి చేతిలో పెట్టి పంపారు. ఆ గడియారం ఇంటికొచ్చేసరికే ఆగిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు నాయిన కారు మెల్లగా నడిపాడు. చెరువు కట్ట దాటాక, “మా నాయిన పేరు సుత మైకుల ఇనవడాలె బిడ్డా. ఒక్కసారి. గంతే,” అన్నాడు నాతో.

నాకు జాలేసింది. అప్పుడు వేసింది, అబద్ధమెందుకు.

ఆ జాలే మా కొంప ముంచింది. ఏటా వెళ్లాం. ఏటా ఒక ఆగిపోయే గడియారం. నాయిన ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉండిపోయేవాడు. మెల్లమెల్లగా ఆయన మాట మారింది. ఇంతకుముందు పంట, వాన, ఎవరింటి పిల్ల ఎలా ఉందీ అని మాట్లాడే మనిషి, పాలిషు, అస్తరు, క్రోమియం అనడం నేర్చాడు. కారు చుట్టూ తిరుగుతూ, ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లన్నీ దాని ఒంటి మీద లెక్కబెట్టుకునేవాడు. అయితే ఇప్పుడు మొహం చిట్లించుకుని.

ముందు టేపు వద్దన్నాడు. “దారంతో కట్టుకోండ్రి,” అన్నాడు. సరే అని దారంతో కట్టుకున్నారు. తర్వాతి పెళ్లికి బానెట్టు మీద పూలే వద్దన్నాడు, అద్దానికో దండ చాలన్నాడు. బ్యాండు ముందు ఎగిరే కుర్రాళ్లు చెయ్యి వేస్తే, కారు దిగి అరిచాడు. పెళ్లివాళ్లు బిత్తరపోయారు. తెల్లచొక్కా వేసుకుని నవ్వుతూ హారను కొట్టే మనిషేనా ఈయన అని అమ్మకే అనుమానమొచ్చింది. ఆఖరికి ఒకనాడు మా వెనకింటి పెద్దమనిషి కూతురి పెళ్లికని కారు అడగడానికొచ్చాడు. నాయిన అరుగు మీద కూర్చుని, బ్యాటరీ ఖరాబైందన్నాడు. అప్పుడే ఆ కార్లోనే మేడ్చల్ పోయి వచ్చాడు. ఇంజను ఇంకా వేడిగా టక్కుటక్కుమంటోంది. ఆ చప్పుడు అడగడానికొచ్చినాయనకూ వినబడింది. తలవంచుకుని, “పర్వాలే పటేలా,” అని వెళ్లిపోయాడు.

“సిగ్గుండాలె రా నీకు. గాయినె బిడ్డ నీ చేతుల పెరిగింది,” అంది అవ్వ.

“అవ్వా, నీకు తెల్వది, నువ్వూకో. ఒక్కసారి కప్పు రానీ. తర్వాత ఊరంత ఊరేగిస్త,” అన్నాడు నాయిన.

ఇలా కొన్నేళ్లు గడిచి, నా పెళ్లి కుదిరింది. మచ్చ బొల్లారం సంబంధం. మాఘమాసంలో ముహూర్తం. కార్ల షో సరిగ్గా మా పెళ్లి తర్వాత వచ్చే ఆదివారం. అంతకు ముందు ఏటి షోలోనే ఆ ఇంజనీరు నాయిన భుజం మీద చెయ్యి వేసి, “చూడండీ, మీ బండి ఇంజను బ్రహ్మాండంగా ఉందండి. పైన ఆ మరకలు, సొట్టలు తీయించి, సీట్లు మార్పించి తీసుకురండి. తీర్చిదిద్దిన కార్ల విభాగంలో మీకు తిరుగుండదండి,” అని సలహా ఇచ్చాడు. మంచికే చెప్పాడు. మంచికి చెప్పేవాళ్లతోనే వస్తుంది చావు.

పెళ్లిపనుల మధ్య నాయిన కారును సూరారంలో ఒక షెడ్డులో ఇచ్చాడు. చీరలు కొనడానికి పట్నం పోయినరోజు, తిరిగొస్తూ షెడ్డు దగ్గర ఆగాం. కారుకు పచ్చరంగంతా గీకేసి, బూడిదరంగు అస్తరు పూశారు. బానెట్టు నున్నగా ఉంది. కుర్రాళ్లు ఎగిరిన గుర్తు ఎక్కడా లేదు. వెనక సీటు ఊడదీసి నేల మీద పడేశారు. సీట్లు కుట్టేవాడు రెక్సిను చింపి, పీచూ స్ప్రింగులూ పైకెత్తి దులిపాడు. జలజలమని బియ్యం రాలాయి. పైవి పచ్చగా, అడుగువి నల్లబడి, పుచ్చిపోయి. ఒక్క దోసిలి కాదు, చేటెడు ఉంటాయి. 

“ఇయ్యేం బియ్యం పటేలా, కార్ల నాట్లు ఏసిన్రా ఏంది?” అని నవ్వాడు వాడు.

“ఊడ్చెయ్, ఊడ్చెయ్. ఎలుకలు వడ్తయి,” అన్నాడు నాయిన.

“నాయినా, అవి ఒడిబియ్యం గద,” అన్నాను.

“ఎన్నటియో బిడ్డా అవి. కొత్త సీటుకు మరూన్ రంగు రెక్సిను జెప్పిన. సూడు, మస్తుంటది,” అన్నాడు. ఎంత ఉత్సాహంగా అన్నాడంటే, నేను తల ఊపాను. చీపురుతో ఊడ్చిన బియ్యం మోరీలో కలిశాయి. నా మటుకు నేను, పోనీలే, కొత్త సీటులో మొదటి బియ్యం నావే పడతాయని సర్దిచెప్పుకున్నాను. అంత ఆశ నాకు.

పెళ్లికి ముందురోజుల్లో కారు ఇంటికొచ్చింది. కింద మరూన్, పైన మీగడరంగు. మొహం కనబడే మెరుపు. నాయిన దాన్ని కొట్టంలో పెట్టి, ఎడ్లను తెచ్చి బయట చింతచెట్టు కింద కట్టేశాడు. కారు మీద కొత్త దుప్పటి కప్పాడు. చుట్టాలొస్తే దుప్పటి అంచు కొంచెం లేపి చూపించి మళ్లీ కప్పేవాడు. పెళ్లికూతురినని నన్ను చూడవచ్చిన అమ్మలక్కలకు కూడా ముందు దాన్నే చూపించాడు.

నన్ను పెళ్లికూతుర్ని చేసిన రోజు, ఒళ్లంతా పసుపుతో అరుగు మీద కూర్చుని ఉన్నాను. నాయిన వచ్చి, ఏదో శుభవార్తలా, “బిడ్డా, నీ సాగనంపుడుకు మేడ్చల్‌ల ఏసీ కారు మాట్లాడిన. తెల్లది. కొత్తది. సల్లగ వోవచ్చు,” అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. “మన కారో?” అన్నాను.

“గది వచ్చే ఐతారం షోకు వోవాలె గద. రంగు ఇంకా పచ్చిగున్నది బిడ్డా. పువ్వులని, కాయితాలని, బారాతని జర గీతవడ్డా అంత ఆగమైతది.”

“పువ్వులేమొద్దు నాయినా. బారాత్ సుత ఒద్దు. ఉత్తగ నువ్వొచ్చి దించిపో,” అన్నాను. బతిమిలాడాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది, అంత బతిమిలాడాను.

“సీట్ల బియ్యం వడ్తయి. ఆ సారు మళ్ల ఏళ్లు వెట్టి తీస్తడు,” అన్నాడు.

వంటింట్లోంచి అమ్మ గరిటె పట్టుకునే వచ్చింది. “ఊరోళ్ల బిడ్డలందర్ని తోల్కవోయినవు. ఉన్న ఒక్క బిడ్డకు కిరాయి కారా? నీ కడుపున వుట్టలేదా ఇది?” అని అరిచింది. చుట్టాలు చుట్టూ చేరారు. నాయినకు అవమానమై, గొంతు పెంచాడు.

“ఏందే లొల్లి? గా కారుల ఎక్కినా గీ కారుల ఎక్కినా వొయ్యేది అత్తగారింటికే గద!”

 అందులో తప్పు పట్టడానికి ఏముంది? నిజమే కదా. నేను పసుపు చేతులతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాను.

పెళ్లి బాగానే జరిగింది. అమ్మ ఒడిబియ్యం పోసింది. గేటు ముందు తెల్ల కారు నిలబడి ఉంది. లోపల సెంటు సీసా కంపు, అద్దానికి ప్లాస్టిక్ గులాబీలు. డ్రైవరు గుట్కా నములుతూ, “జల్దీ అమ్మా, నాకు ఇంకో బుకింగ్ ఉన్నది,” అన్నాడు. నేను కొంగు పట్టుకుని వంగి ఎక్కాను. గింజలు రాలాయి. అద్దం దించబోతే, ఏసీ వేశాను, దించొద్దన్నాడు. నల్లద్దంలోంచి మా వీధి వానాకాలంలోలా మసకగా కనబడింది. ఊళ్లో అంతమంది పిల్లల్ని అత్తగారి గడపదాకా దించి వచ్చిన మా నాయిన నన్ను మా గేటు దగ్గరే దించేశాడు. చెయ్యి ఊపాడు. ఏడ్చాడు కూడా, అదీ చూశాను. అవ్వ మాత్రం నా వైపు చూడలేదు. కొట్టం వైపు తిరిగి, “థూ,” అంది.

మచ్చ బొల్లారంలో దిగాక, అత్తగారు హారతి పళ్లెంతో వస్తుంటే, నేను వెనక్కి తిరిగి చూశాను. డ్రైవరు వెనక తలుపు తీసి, గుడ్డతో సీటును టపటపా కొట్టి దులుపుతున్నాడు. పసుపుబియ్యం మోరీ పక్కన పడ్డాయి.

ఆ ఆదివారం నాయిన ఫోను చేశాడు, అల్లుణ్ని తీసుకుని షోకు రమ్మని. నేను రానన్నాను. “పాపం అంత ప్రేమగా పిలుస్తున్నడు గద, పోదాం,” అన్నాడు మా ఆయన. కొత్త మొగుడు, ఏమని చెప్పను? కాళ్ల పసుపు ఇంకా పోలేదు. కొత్త మెట్టెలు ఒరుసుకుంటుంటే బస్సు దిగి తోటదాకా నడిచాం.

అదే షామియానా, అవే సున్నపు గీతలు. మా కారు మాత్రం మాది కాదు. లారీ మీద తెచ్చాడు. మా నాయిన, మా తాత కారును, మా ఊరి నుంచి అంత దగ్గరికి, లారీ మీద పట్టా కప్పి తెచ్చాడు. తెల్లచొక్కా వేసుకుని, మెత్తటి గుడ్డ పట్టుకుని తుడుస్తున్నాడు. సీట్ల మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. ఇంజనీరు వచ్చి చక్రం పైన రుమాలు పెట్టి తుడిచాడు. రుమాలు తెల్లగానే ఉంది. సీటు సందులో వేళ్లు పెట్టాడు. ఏమీ రాలేదు. తల ఊపి, నాయిన చెయ్యి పట్టుకుని ఊపాడు.

సాయంత్రం మైకులో మా తాత పేరు వినబడింది. తర్వాత నాయిన పేరు. ఆ ఇంజనీరే మైకు తీసుకుని మాట్లాడాడు.

“ఈ కారుకి ఓ గొప్ప చరిత్ర ఉందండి. ఈ కారు ఉట్టి కారు కాదండి, ఆ ఊరి ఆడపడుచుల పల్లకీ అండి. ఆ ఊళ్లో పుట్టిన ఆడపిల్లలందరూ ఈ కార్లోనే అత్తారింటికి వెళ్లారండి. ఒక్కర్ని కూడా వదల్లేదటండీ వీళ్లు! అదండీ సంస్కారం అంటే.”

తోటంతా చప్పట్లు. నా పక్కన కూర్చున్న పట్నం ఆవిడ కళ్లొత్తుకుంది. నా కాళ్ల పసుపు చూసి, “నువ్వూ ఆ ఊరి పిల్లవేనా అమ్మా? ఎంత అదృష్టం!” అంది. సంవత్సరాల తరబడి ఒక్కో మచ్చా చూపిస్తూ నాయిన చెప్పిన ముచ్చట అది. మచ్చలున్నన్నాళ్లు దానికి మార్కులు కోశారు. మచ్చలు గీకేశాక దానికే చప్పట్లు కొడుతున్నారు. మా ఆయన కూడా కొడుతున్నాడు. నా మొహం చూసి ఆపేశాడు.

నాయిన వేదిక దిగి కారు దగ్గరికొచ్చాక, ఎవరో చెప్పినట్టున్నారు, ఫోటోలవాడు పరుగెత్తుకొచ్చాడు. కొత్త పెళ్లికూతురు ఆ ఇంటి పిల్లేనట, వెనక సీట్లో కూర్చోబెట్టి ఒక ఫోటో తీద్దామన్నాడు. నాయిన సంబరంగా తలుపు తీసి పట్టుకున్నాడు.

“కూసో బిడ్డా. కవరు తియ్యకు, గట్లనే మీద కూసో,” అన్నాడు.

“నేను కూసోను,” అన్నాను.

“సిగ్గువడ్తాంది,” అని నాయిన అందరికీ చెప్పి నవ్వాడు. ఫోటోలవాడు ఆయన్నే కప్పుతో నిలబెట్టి తీసుకుని పోయాడు. జనం పలచబడ్డారు. నాయిన కప్పు చంకలో పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

“ఇన్నవా బిడ్డా? తాత పేరు మైకుల జెప్పిండ్రు. ఊరి ఆడివిల్లలందరు అన్నడు, ఇన్నవా?”

“ఇన్న నాయినా. ఒక్కలు తక్కువ,” అన్నాను.

ఆయన మొహంలో నవ్వు తగ్గింది. నటన కాదు, నిజంగానే ఆలోచనలో పడ్డాడు. “ఎవలు తక్కువ?” అన్నాడు. “వెనకింటోళ్ల పిల్లనా? ఆమె అక్కను తోల్కవోయిన గద. చెరువు కిందోళ్ల చిన్నబిడ్డను సుత నేనే దించొచ్చిన. బడి కాడోళ్ల పిల్లలిద్దర్ని…” అంటూ ఖాళీగా ఉన్న చెయ్యి ఎత్తి, వేళ్లు మడుస్తూ ఇల్లిల్లూ లెక్కబెట్టడం మొదలెట్టాడు. ఊరి మొదటి నుంచి ఒక్కో ఇల్లు చెప్పుకుంటూ మా వీధిలోకి వచ్చాడు. మా ఇల్లు దాటి పక్కింటికి పోయాడు.

నేను మా ఆయన చెయ్యి పట్టుకుని బస్సు దగ్గరికి నడిచాను.